జింజు నది వెంట వరి గింజలోకి: కాడ్మియం వచ్చిన దారి

జపాన్‌లోని కమియోకా గనిలో తవ్వకాలు 2001లో ఆగిపోయాయి. అయినా పాత సొరంగాల నుంచి, వ్యర్థాల గుట్టల నుంచి నీరు ఊరుతూనే ఉంది. దాన్ని పట్టి శుద్ధి చేశాకే జింజు నదిలోకి వదులుతున్నారు. గని మూసినంత మాత్రాన ఆ పనికి సెలవు లేదు.

అక్కడ తవ్వింది ముఖ్యంగా జింకు, సీసం. జింకు ఖనిజంలో కాడ్మియం అనే విషలోహం సహజంగానే కొద్దిగా కలిసి ఉంటుంది. గాలి తగలని లోతులో గంధకంతో జతకట్టి, నీటికి లొంగకుండా పడి ఉంటుంది. తవ్వి, పొడిచేసి బయట పోస్తే మాత్రం గాలీ వానా తగిలి కరిగే రూపానికి మారుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో యుద్ధాల అవసరాలకు జింకు ఉత్పత్తి పెరిగింది. ఖనిజాన్ని మెత్తగా నూరి, నురగ మీద తేల్చి లోహాన్ని వేరుచేసే పద్ధతి వచ్చాక వ్యర్థం మరీ సన్నటి బురదైంది. అలాంటి బురద త్వరగా అడుక్కి దిగదు. నది వెంట కొట్టుకుపోయి, తొయామా మైదానంలో కాలువల గుండా వరి మడుల్లోకి చేరింది.

అసలు సంగతి మడిలోనే ఉంది. నీళ్లు నిలిచి ఉన్నంతసేపు మట్టికి గాలి ఆడదు, కాడ్మియం మళ్లీ గంధకంతో కలిసి అణగి ఉంటుంది. కోతకు ముందు చేను ఆరగట్టగానే కరిగి వేళ్లకు అందుతుంది, అదీ గింజ గట్టిపడే రోజుల్లో. మన రైతులూ చేను ఆరగట్టేది అప్పుడే కదా.

ఆ బియ్యం తిని, ఆ నీళ్లే తాగినవారిలో మూత్రపిండాలు దెబ్బతిని ఎముకలు మెత్తబడ్డాయి. ఎక్కువగా బలైంది పిల్లల్ని కన్న నడివయసు దాటిన ఆడవాళ్లు. దగ్గినా ఎముక విరిగేది. ‘ఇతాయ్, ఇతాయ్’ (నొప్పి, నొప్పి) అన్న వాళ్ల ఏడుపే జబ్బు పేరైంది. స్థానిక డాక్టర్ నొబొరు హగినో 1957లో గని వ్యర్థమే కారణమని చెబితే చాలామంది కొట్టిపారేశారు. 1961లో కాడ్మియం పేరు బయటికొచ్చింది. ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. గని కంపెనీ మీద వేసిన దావాలో 1972లో హైకోర్టులోనూ బాధితులే గెలిచారు.

నష్టపరిహారం కన్నా నాకు గొప్పగా అనిపించేది వాళ్లు కంపెనీతో అప్పుడు రాయించుకున్న ఒప్పందం: ఊరివాళ్లు తమ నిపుణులను వెంటబెట్టుకుని గనిలోకి వెళ్లి తనిఖీ చేసుకోవచ్చు. ఏటా వెళ్తూనే వచ్చారు. నది నీటిలో కాడ్మియం దాదాపు సహజ స్థాయికి దిగిందంటే ఆ పట్టుదల వల్లే.

మట్టి అంత తేలిగ్గా మాట వినలేదు. 863 హెక్టార్లలో చెడ్డ మట్టిని అడుక్కి పంపి, పైన కొత్త మట్టి పరిచే పని 1979లో మొదలై 2012 దాకా సాగింది. జపాన్‌లో పాత గనులున్న మిగతా చోట్ల రైతులు వరి ఈనడానికి మూడు వారాల ముందు నుంచి, ఈనాక మూడు వారాల దాకా మడిలో నీళ్లు నిలబెడతారు. కాడ్మియం తగ్గుతుంది. కానీ గాలి ఆడని ఆ మట్టిలోనే ఆర్సెనిక్ అనే మరో విషం కరిగి గింజలోకి ఎక్కుతుంది. అందుకే వేళ్ల దగ్గరే కాడ్మియాన్ని చాలావరకు ఆపే వరి వంగడాలను తయారుచేశారు. గనుల నేల అయిన అకితాలో 2025 నుంచి అలాంటి వంగడానికి మారుతున్నారు.