పెట్టె మీద అంకె మన కోసమే

తేనెటీగల పెంపకం మొదలెట్టిన కొత్తలో పొద్దుతిరుగుడు చేను గట్టున ఇరవై పెట్టెలకూ ఒకే తెల్లరంగు వేయించి, అన్నీ ఒకే దిక్కుకు తిప్పి, బారుగా పెట్టాను. ముచ్చటగానే ఉంది కానీ కొద్దిరోజులకే రెండు కొసల పెట్టెలూ కిక్కిరిసిపోయి మధ్యవి పలచబడ్డాయి, మేతకు వెళ్లిన ఈగలు తమ ఇల్లు పోల్చుకోలేక కొసన ఉన్నవాటిలో దూరిపోతున్నాయన్నమాట. ఈగలు, చీమలు ఏం చూస్తాయి, ఇంటిదారి ఎలా పడతాయి అన్నదానిపై మనకున్న అపోహలు కొన్ని ఇవి.

అపోహ: ఈగ కంటికి ఒక్క పువ్వే వేల పువ్వులుగా కనిపిస్తుంది.
లేదండీ. కూలి ఈగ (పెట్టెలో పనులన్నీ చేసే ఆడ ఈగ) ఒక్కో కంటిలో సుమారు 5,000 కటకాలు ఉంటాయి, ఒక్కోటీ ఒక్క చుక్కనే పడుతుంది. అన్నీ కలిస్తే ఒకటే బొమ్మ, అదీ ముతకది. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి, దాదాపు అంత మేర దానికి ఒక చుక్క.

అపోహ: అంకె వేస్తే, ఎర్ర గీత గీస్తే గుర్తుపడతాయి.
నేనూ కొన్నిటికి ఎర్ర పట్టీ, కొన్నిటికి నల్ల పట్టీ వేసి చూశాను, డబ్బులు దండగ. ఎరుపు వాటికి నలుపులాగే ఉంటుంది. నీలం, పసుపు మాత్రం బాగా తెలుస్తాయని 1914లోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే జంతు శాస్త్రవేత్త బూడిదరంగు అట్టల మధ్య నీలం అట్ట పెట్టి, చక్కెర నీళ్లు అలవాటు చేసి చూపించాడు. మనకు కనిపించని అతినీలలోహితం కూడా చూస్తాయి. ఆకారాల విషయానికొస్తే, నిండుగా నల్లరంగు పూసిన త్రిభుజానికీ చతురస్రానికీ తేడా అంత తేలిగ్గా పట్టవు, అదే రేకులు విచ్చుకున్నట్టు అంచులు చీలి ఉన్న బొమ్మైతే చటుక్కున పడతాయి. పువ్వుల మీద బతికేవాటికి అదేగా కావాల్సింది!

అపోహ: పెంచినవాణ్ణి గుర్తుపెట్టుకుంటాయి.
2005లో ఒక ప్రయోగంలో చక్కెర నీళ్లు ఆశచూపి నేర్పిస్తే మనుషుల ముఖాల ఫొటోల్లో తేడా పట్టాయి, నిజమే. మనమీద ప్రేమతో కాదు. పైగా సీజన్లో కూలి ఈగ బతికేదే ఆరు వారాలు.

అపోహ: చీమకు వాసనే దారి.
వంటింటి చీమల బారుకు సరే, వేలితో అడ్డంగా తుడిస్తే తికమకపడతాయి. సహారా ఇసుకలో తిరిగే చీమ మాత్రం ఆకాశపు వెలుగును బట్టి దిక్కు చూసుకుంటూ అడుగులు లెక్కేస్తుంది. 2006లో ఒక ప్రయోగంలో మేత దగ్గరకు చేరాక దాని కాళ్లకు కొయ్యకాళ్లలా పంది వెంట్రుకలు అతికిస్తే, అడుగులు పెద్దవై తిరుగుదారిలో పుట్ట దాటి ముందుకెళ్లి వెతుక్కుంది.

అపోహ: మధ్యాహ్నం ఈగలు పెట్టె ముందు మూగితే గూడు వదిలి లేచిపోతున్నట్టే.
ఈ టెన్షన్‌తో నాకు ఫోన్లు చాలా వస్తాయి. దగ్గరగా చూడండి, తలలు పెట్టె వైపే ఉంటాయి. లేత ఈగలు వెనక్కి వెనక్కి ఎగురుతూ అటూ ఇటూ చాపాలు గీసి, ద్వారం, పక్కనున్న చెట్టు, రాయి ఎక్కడున్నాయో నేర్చుకుంటున్నాయి. కాసేపట్లో సద్దుమణుగుతాయి. ఆ సమయంలో ఎదురుగా నిలబడకుండా పక్కకు జరగండి చాలు.