గిరణ్‌గావ్: మిల్లుల నేల ఎవరి వాటాకు ఎంత వచ్చింది

తెలంగాణ పల్లెల్లో పిండి పట్టించే చోటును గిర్ని అంటారు. మరాఠీ వాళ్ల గిరణి కూడా ఆ మాటే. ముంబై నడిమధ్యలో పరేల్, లోయర్ పరేల్, వర్లీ, లాల్‌బాగ్, శివడీ, భాయ్‌ఖళా కలిసిన ప్రాంతానికి గిరణ్‌గావ్ అని, అంటే మిల్లుల ఊరని పేరు వచ్చింది అక్కడి నూలు మిల్లుల వల్లే. చిమ్నీలు ఉన్నచోట ఇవాళ యాభై, అరవై అంతస్తుల టవర్లున్నాయి. పాత పారిశ్రామిక వాడలను ఇళ్ల పేటలుగా మార్చాలన్న చర్చ మన నగరాల్లో ఎప్పుడొచ్చినా లోయర్ పరేల్ పేరు ఉదాహరణగా వినిపిస్తుంది. అయితే ఆ మార్పు ఏ నిబంధనతో నడిచిందో, ఆ నిబంధనలో ఏ మాట ఎప్పుడు మారిందో చెప్పేవాళ్లు తక్కువ. అసలు కథంతా అందులోనే ఉంది.

కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో బొంబాయి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పెట్టాడు. తాడ్‌దేవ్‌లోని ఆ మిల్లులో 1856లో పని మొదలైంది. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధంతో ఇంగ్లండుకు అక్కడి పత్తి ఆగిపోయింది. మన పత్తికి ధర పెరిగి బొంబాయి వర్తకుల చేతికి డబ్బు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ డబ్బులో కొంత మిల్లుల్లోకి వెళ్లింది. బొంబాయి ఏడు ద్వీపాల మధ్య పూడ్చిన పల్లపు నేల చవకగా దొరికేది కాబట్టి మిల్లుల్లో చాలావరకు పరేల్ చుట్టూ లేచాయి. ఇక్కడి వానాకాలపు కష్టాలకు మూలం ఆ పల్లమే. పరేల్ పక్కనున్న హిందమాతా కూడలి దగ్గర ఇప్పటికీ నీళ్లు నిలిచేది అందుకే.

కార్మికుల్లో ఎక్కువమంది కొంకణ్ నుంచి, సాతారా వైపు నుంచి వచ్చారు. మనవాళ్లూ తక్కువేం లేరు. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్లిన కామాఠీల పేరు మీదే కామాఠీపురా ఏర్పడింది. మగ్గం పని పుట్టుకతో వచ్చిన పద్మశాలీలు తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి మిల్లుల నేత విభాగాల్లో చేరారు. వాళ్లంతా ఉన్నది చాల్‌లలో. ఒక్కో కుటుంబానికి ఒక గది, అంతస్తుకంతటికీ కలిపి మరుగుదొడ్లు, ముందు పొడవాటి వరండా. 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్‌లలో గది 160 చదరపు అడుగులు. ఆ చాల్‌ల నుంచి మిల్లుకు కార్మికుడు నడిచే వెళ్లేవాడు. దీన్ని గుర్తుంచుకోవాలి. పేట రోడ్లు, రైల్వే వంతెనలు అన్నీ ఆ నడకను బట్టే కట్టినవి.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. బోనస్, జీతాల గొడవతో పాటు గుర్తింపు గొడవ కూడా అందులో ఉంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం ఒక ప్రాంతంలో ఒక పరిశ్రమకు ఒకే గుర్తింపు సంఘం. కార్మికులు ఎటు ఉన్నా యజమానులు మాట్లాడవలసింది ఆ సంఘంతోనే. ఆ సమ్మె విరమించినట్టు ఎవరూ ఎన్నడూ ప్రకటించలేదు, అదే కరిగిపోయింది. ఈలోగా నేతపని భివండీ మరమగ్గాలకు తరలిపోయింది. అక్కడ సాంచాలు నడిపినవాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు ఎందరో.

మిల్లులు ఒక్కసారిగా మూతపడ్డాయనుకోవడం పొరపాటు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వంద మంది, అంతకు మించి పనిచేసే కర్మాగారాన్ని మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చేది. అందుకని చాలా మిల్లులు కాగితాల మీద నడుస్తూ నిజానికి ఆగిపోయాయి. యంత్రాలు తుక్కుకు పోయాయి, కార్మికులు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు, బ్యాంకు బాకీలు పేరుకున్నాయి. మిగిలింది నేల ఒక్కటే. 58 మిల్లుల కింద సుమారు 600 ఎకరాలు. వాటిలో 25 మిల్లులు కేంద్రప్రభుత్వ నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్‌వి (ఎన్‌టీసీ), ఒకటి రాష్ట్ర సంస్థది, 32 ప్రైవేటువి.

పంపకం సూత్రం

1991లో వచ్చిన ముంబై అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వది మిల్లుల కోసం రాసింది. మిల్లు నేలను ఇళ్లకో, ఆఫీసులకో మార్చాలంటే యజమాని దాన్ని మూడు వాటాలు చేయాలి. ఒక వాటా నగరపాలక సంస్థకు, పార్కులు, మైదానాల కోసం. ఒక వాటా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, సామాన్యుల ఇళ్ల కోసం. మిగిలింది యజమానికి. ఐదు హెక్టార్ల లోపు మిల్లయితే ఈ వాటాలు 33, 27, 40 శాతం. ఐదు నుంచి పది హెక్టార్ల మధ్య 33, 34, 33. పది దాటితే 33, 37, 30. యజమాని కట్టుకోగలిగే నిర్మాణానికి నేల విస్తీర్ణానికి 1.33 రెట్లు పరిమితి, అక్కడి వాడుకలో ఎఫ్‌ఎస్‌ఐ. వచ్చిన డబ్బు ముందు కార్మికుల బకాయిలకు పోయేలా చూడటానికి పర్యవేక్షణ కమిటీ ఉంటుంది.

కాగితం మీద ఇంత సూటిగా ఉన్న నిబంధన నేల మీద కదల్లేదు. మూడింట రెండు వంతులు వదులుకునే పనికి యజమానులు తొందరపడలేదు. పాత షెడ్డును కూల్చకుండా ఆఫీసుగానో, దుకాణంగానో, వినోదశాలగానో మార్చుకుంటే పంపకం మాటే రాదు. 1990ల చివర లోయర్ పరేల్‌లో చాలాచోట్ల జరిగింది అదే. 1996లో రాష్ట్ర ప్రభుత్వం వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. ఒక్కో మిల్లును విడిగా చూడకుండా పక్కపక్కనున్న మిల్లుల వాటాలను జోడించి పెద్ద మైదానాలు, కొత్త దారులు, స్టేషన్ల ముందు విశాలమైన కూడళ్లు గీయవచ్చని ఆ బృందం ఎన్‌టీసీ మిల్లుల మీద చూపించింది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. ఈ కథలో చేజారిన అవకాశాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. పక్కపక్క గోడల మధ్య దారి గీయడం నేల ఇంకా ఎవరికీ అమ్మకముందే సాధ్యం.

2001 మార్చిలో 58వ నిబంధనను సవరించారు. వాటాలు వేయాల్సింది మిల్లు మొత్తం నేల మీద కాదు, అందులోని ఖాళీ స్థలం మీద మాత్రమే అన్నారు. పాత షెడ్డును కూల్చి కొత్తది కట్టినా ఆ షెడ్డు కింది నేల పంపకంలోకి రాదు.

ఇది ఎంత తేడా చేస్తుందో తెలియాలంటే మిల్లు కట్టడం ఎలా ఉంటుందో చూడాలి. నూలు వడికే భాగం అంతస్తుల మీద ఉండవచ్చు. మగ్గాలు మాత్రం బరువుకు, అదురుకు నేల మీదే ఉండాలి. పైగా దారం తెగిందీ లేనిదీ కనబడటానికి ఎండ పడని సమానమైన వెలుతురు కావాలి. అందుకే ఉత్తరం వైపు అద్దాలు పెట్టిన రంపపు పళ్ల కప్పులతో ఒకే అంతస్తు షెడ్లను ఎకరాలకు ఎకరాలు పరిచారు. ఖాళీగా మిగిలేది ముంగిలి, బండ్ల దారి, బాయిలర్లకు నీరిచ్చే చెరువు, అంతే. ఉదాహరణకు పది ఎకరాల మిల్లులో ఎనిమిది ఎకరాలు షెడ్లు, రెండు ఎకరాలు ఖాళీ అనుకుందాం. 1991 లెక్కలో నగరానికి 3.3 ఎకరాలు, మ్హాడాకు 2.7, యజమానికి 4. 2001 లెక్కలో నగరానికి 0.66, మ్హాడాకు 0.54, యజమానికి 8.8. శాతాలు ఒక్క అంకె కూడా మారలేదు. మారింది ఆ శాతాన్ని దేని మీద కట్టాలన్నదే.

పదేళ్లలో నేల కదలలేదు, కార్మికుల బకాయిలు తీరలేదు, యజమానికి మిగిలితే తప్ప డబ్బు రాదు అన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజముంది. కానీ పాత షెడ్డును మార్చుకునే దొడ్డిదారిని మూస్తే పోయే పనికి, నగరం వాటాను తగ్గించారు. బాంబే ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ సవరణ మీద హైకోర్టుకు వెళ్లింది. 2005 అక్టోబరులో తీర్పు వాళ్ల వైపు వచ్చింది. 2006 మార్చి 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి సవరణను నిలబెట్టింది. కోర్టు తేల్చకముందే, 2005లో, ఎన్‌టీసీ ఐదు మిల్లులను వేలం వేసింది. జూపిటర్ 276 కోట్లు, ఎల్ఫిన్‌స్టన్ 441, అపోలో 180, మూడో నంబరు కోహినూర్ 421, ముంబై టెక్స్‌టైల్ 702. మొత్తం 2,020 కోట్లు. ఆ ముంబై టెక్స్‌టైల్ మిల్లు 17 ఎకరాలే 2012లో దాదాపు 2,700 కోట్లకు మళ్లీ చేతులు మారాయి.

దారులు, నీళ్లు, మన్ను

పది ఎకరాల నేల మీద 1.33 చొప్పున కడితే సుమారు 53,800 చదరపు మీటర్లు. ఫ్లాటుకు 90 చదరపు మీటర్లు వేసుకుంటే 600 ఇళ్లు, ఇంటికి నాలుగున్నర మంది చొప్పున 2,700 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో 3.6 లక్షల లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు. ఇది ఒక్క మిల్లుకే. పక్క మిల్లు, దాని పక్క మిల్లు విడివిడిగా అనుమతులు తెచ్చుకుంటే వీధిలోని పాత మురుగు గొట్టం ఎంత మోయగలదో మొత్తంగా కూడి చూసేవాళ్లుండరు. ప్రతి ఆవరణా తన గేటు దాకా బాగుంటుంది, గేటు బయట ఇబ్బంది మొదలవుతుంది.

జనం సంగతీ అంతే. కార్మికుడు నడిచి వచ్చేవాడు, అదీ షిఫ్టుల వారీగా. ఆఫీసు ఉద్యోగి శివార్ల నుంచి రైల్లో, అందరితో పాటు ఒకే గంటలో వస్తాడు. స్టేషన్లు, వంతెనలు మాత్రం పాతవే. 2017 సెప్టెంబరు 29 ఉదయం వాన పడుతుండగా ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ ఇరుకు వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. కొత్త వంతెనను సైన్యం వచ్చి నెలల్లో కట్టింది. అంటే కట్టడం అసాధ్యమేమీ కాదు. అదే ఏడాది డిసెంబరు 29న, లోయర్ పరేల్‌లో ఆఫీసులు, హోటళ్లుగా మారిన కమలా మిల్స్ ఆవరణలో పైకప్పు రెస్టారెంట్ల అగ్నిప్రమాదంలో 14 మంది పోయారు.

మన్ను విషయం ఇంకా తక్కువ మంది మాట్లాడతారు. అద్దకపు షెడ్డున్న చోట క్రోమియం లవణాలు, కాస్టిక్ సోడా, గంధకపు రంగులు దశాబ్దాల పాటు కాలువల పగుళ్ల గుండా దిగి ఉంటాయి. బాయిలర్ దగ్గర భూమిలో నూనె ట్యాంకులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనె, కప్పుల్లో ఆస్‌బెస్టాస్ రేకులు, ఆవిరి గొట్టాలకు చుట్టిన ఆస్‌బెస్టాస్ ఉంటాయి. పని వరస ఇలా ఉండాలి. ముందు మిల్లు పాత నక్షా తీసి అద్దకం, బాయిలర్, ట్యాంకులు ఎక్కడుండేవో గుర్తించాలి. షెడ్లు నిలబడి ఉండగానే ఆ చోట్ల బోర్లు వేసి పైమన్ను, లోపలి మన్ను, ఊటనీరు విడివిడిగా పరీక్షకు పంపాలి. రేకులను తడిపి, పగలకుండా దింపాలి. ట్యాంకులను ఖాళీ చేసి చుట్టూ నూనె పట్టిన మన్నుతో సహా తీయాలి. ఆ తర్వాతే కూల్చాలి. ముందు బుల్‌డోజర్ పెట్టి తర్వాత పరీక్ష చేస్తే, ఒక మూల ఉన్న విషం శిథిలాలతో కలిసి స్థలమంతా పరుచుకుంటుంది. అప్పుడు వంద లారీల మన్ను తీయాల్సిన చోట వెయ్యి లారీలు తీయాలి. పరేల్ పల్లంలో ఊటనీరు పైనే ఉంటుంది కాబట్టి సెల్లార్ తవ్వేటప్పుడు తోడిపోసే నీటినీ పరీక్షించాలి, నేరుగా వాన కాలువలోకి వదలకూడదు.

కార్మికుల వాటా

మ్హాడాకు దక్కిన ముక్కల్లో అధిక భాగం మిల్లు కార్మికుల ఇళ్లకు కేటాయించారు. 1982 జనవరి 1 నాటికి లేదా ఆ తర్వాత మిల్లు జాబితాలో ఉన్నవాళ్లు, వాళ్లు లేకపోతే వారసులు అర్హులు. ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ చీటీ, మిల్లు గుర్తింపు టికెట్ వంటివి చూపాలి. సమ్మె తర్వాత ఊరికి తిరిగి వెళ్లిపోయిన కుటుంబాలకు ముప్పై ఏళ్ల తర్వాత ఆ కాగితాలు వెతకడమే మొదటి గండం. దరఖాస్తులు సుమారు లక్షా 74 వేలు వచ్చాయి. 2012 జూన్ 28న తొలి లాటరీలో 6,925 ఇళ్లు, ఒక్కోటి 225 చదరపు అడుగులు, ఏడున్నర లక్షలు. 2016లో రెండు విడతలుగా 2,634, 2,417. 2020లో 3,894. అన్నీ కలిపితే 15,870, దరఖాస్తుల్లో పదో వంతుకు కూడా తక్కువే. 2016 రెండో విడత ఇళ్లు ముంబైలో కాదు, పన్వేల్ దగ్గరి కోన్‌లో. కోవిడ్ కాలంలో వాటిని క్వారంటైన్‌కు వాడుకోవడంతో పాడై, తాళాలు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి.

అదే పేటలో బీడీడీ చాల్‌లది వేరే దారి. అక్కడ నేల ప్రభుత్వానిది, అమ్ముకునే యజమాని మధ్యలో లేడు. 160 అడుగుల గదికి బదులు అక్కడే 500 అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తూ మ్హాడా కడుతోంది. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు అందాయి.

వరంగల్‌లో 1934లో మొదలై తర్వాత ఎన్‌టీసీ చేతికి వచ్చిన ఆజంజాహీ మిల్లు కూడా మూతపడ్డాక ప్లాట్లయింది. అందుకే హైదరాబాద్ పాత పారిశ్రామిక వాడల మార్పిడి ఉత్తర్వులు చదివేటప్పుడు శాతాల దగ్గర ఆగకుండా, ఆ శాతం మొత్తం విస్తీర్ణం మీదా, ఖాళీ విస్తీర్ణం మీదా అన్నది చూడాలి. పార్కుకు, సామాన్యుల ఇళ్లకు వాటా నేల రూపంలో ఉందా, రుసుము రూపంలో ఉందా అన్నదీ చూడాలి. రుసుము ఖజానాకు వెళ్తుంది, ఆ వీధిలో మైదానం కాలేదు.

ముంబైలో మిగిలిన కార్మికుల కోసం 2024లో ప్రభుత్వం షేలు, వాంగణిలలో 81 వేల ఇళ్ల ప్రతిపాదన తెచ్చింది. రెండూ బద్లాపూర్ దాటాక, కర్జత్ లోకల్ దారిలో ఉన్న ఊళ్లు. కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు. మిల్లులున్న నగరంలోనే ఇల్లు కావాలని అడుగుతున్నాయి. సమ్మెనాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి.