50 నుంచి 79 వరకు: అమెరికన్ ఫుట్‌బాల్ జెర్సీ నంబర్ల వెనుక కథ

2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్ల యజమానులు జెర్సీ నంబర్ల నిబంధనను సడలించారు. అప్పటిదాకా బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లూ, పాస్‌లని అడ్డుకునే డిఫెన్సివ్ బ్యాక్‌లూ 20 నుంచి 49 లోపే ఉండాలి. పాస్‌లు అందుకునే వైడ్ రిసీవర్లయితే 10 నుంచి 19, లేదా 80 నుంచి 89. కొత్త నిబంధనతో వీళ్లందరికీ 1 నుంచి 49 వరకు తలుపులు తెరుచుకున్నాయి. ప్రతిపాదన పెట్టింది కాన్సస్ సిటీ చీఫ్స్. యువ ఆటగాళ్లు పండగ చేసుకున్నారు. పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మాత్రం మండిపడ్డాడు. నంబరు చూసి ఎదుటివాడి పొజిషన్ పోల్చుకునే వీలు పోతే, ఎవరిని అడ్డుకోవాలో ముందు వరసలోని లైన్‌మెన్‌కి ఎలా తెలుస్తుందన్నది ఆయన వాదన.

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఈ గొడవ వింతగానే ఉంటుంది. అక్కడ చొక్కా మీది నంబరు ఆటగాడి ఇష్టం, అంపైరుకి దానితో పనే లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. కారణం తెలియాలంటే 1906కి వెళ్లాలి.

బంతిని ముందుకు విసిరే ఫార్వర్డ్ పాస్‌కి ఆ ఏడాదే అనుమతి వచ్చింది. విసరడం సరే, పట్టుకునేదెవరు? అందరూ పట్టుకోవచ్చంటే డిఫెన్స్ ఎవరి వెనక పరిగెత్తాలో తేల్చుకోలేదు. అందుకని ఒక హద్దు గీశారు. బంతి పెట్టిన గీత మీద కనీసం ఏడుగురు నిలబడాలి. ఆ వరసకి రెండు కొసల్లో ఉన్న ఇద్దరూ, గీత వెనకున్న వాళ్లూ పాస్ అందుకోవచ్చు. మధ్యలోని ఐదుగురు, అంటే సెంటర్, ఇద్దరు గార్డులు, ఇద్దరు టాకిల్స్, ఎదుటివాళ్లని అడ్డుకోవడానికే. విసిరిన పాస్‌ని ముందుగా వాళ్లు ముట్టుకోకూడదు. ఈ ఆటలో నంబర్ల తగాదా ఎటు తిరిగినా చివరికి ఈ ఐదుగురి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

మొదట్లో నంబర్లకీ పొజిషన్లకీ ముడి లేదు. 1908 నాటికి పశ్చిమ పెన్సిల్వేనియా కాలేజీ జట్లు ప్రేక్షకులు గుర్తుపట్టడానికి జెర్సీల మీద అంకెలు వేశాయి. 1937లో కాలేజీ ఆటలో ముందూ వెనకా నంబరు తప్పనిసరి అయింది. అయినా ఎవరికి నచ్చింది వాళ్లదే. ఇల్లినాయ్ కుర్రాడు రెడ్ గ్రేంజ్ 77తో, మిషిగన్‌లో టామ్ హార్మన్ 98తో బంతి పట్టుకుని పరిగెత్తి చరిత్రకెక్కారు. ఇద్దరూ బ్యాక్‌లే, అంటే గీత వెనక నిలబడేవాళ్లే. ఈ రోజు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే ఆ నంబర్లు వాళ్లకి ఇవ్వరు.

1940ల్లో పుట్టిన ఆల్ అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ తనదైన పద్ధతి పెట్టుకుంది. అందులో క్వార్టర్‌బ్యాక్‌లకి 60లు, ఫుల్‌బ్యాక్‌లకి 70లు. 1949 సీజన్‌తో ఆ లీగ్ మూతపడి, 1950లో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ లాంటి జట్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చాయి. 1952లో ఎన్‌ఎఫ్‌ఎల్ తన పద్ధతి ఖాయం చేసింది: సెంటర్లకి 50లు, గార్డులకి 60లు, టాకిల్స్‌కి 70లు, కొసల్లో ఉండే ఎండ్‌లకి 80లు, బ్యాక్‌లకి 50 లోపు. దాంతో అప్పటికే పెద్ద పేరున్న ఆటో గ్రాహమ్ 60 వదిలి 14కి మారాడు. బ్రౌన్స్ తర్వాత ఆయన గౌరవార్థం ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది ఆ 14నే. ఆయన సహచరుడు మారియన్ మోట్లీ 76 నుంచి 36కి వెళ్లాడు. ఇవాళ మనం చూసే పటం దాదాపుగా అప్పుడు గీసిందే.

1973లో దాన్ని బిగించారు. క్వార్టర్‌బ్యాక్‌లు, కిక్కర్లు 1 నుంచి 19 లోపు, రిసీవర్లు 80లలోనే, ఇలా ప్రతి పొజిషన్‌కీ గిరి గీశారు. 0, 00 ఇక ఉండవన్నారు. అప్పటికే ఆడుతున్న వాళ్లకి మినహాయింపు ఇచ్చారు కాబట్టి రైడర్స్ సెంటర్ జిమ్ ఆటో, హ్యూస్టన్ రిసీవర్ కెన్ బరో తమ 00లతోనే రిటైరయ్యారు.

ఆ తర్వాత గొడవలన్నీ కాలేజీ నుంచి వచ్చినవే. అక్కడ పేరు తెచ్చిపెట్టిన నంబరుని వదులుకోవడం మాటలు కాదు. 1987లో డిఫెన్స్ ఆటగాడు, లైన్‌బ్యాకర్ బ్రయన్ బాస్‌వర్త్ ఓక్లహోమాలో వేసుకున్న 44 కోసం కోర్టుకెళ్లాడు, ఓడిపోయాడు, 55తో ఆడాడు. 2006లో రెజ్జీ బుష్ 5 అడిగితే లీగ్ ఒప్పుకోలేదు, 25తో సరిపెట్టుకున్నాడు. నిబంధన ఉండటం తప్పు కాదు. కానీ రన్నింగ్ బ్యాక్‌కి 5 ఇస్తే రిఫరీకి వచ్చే ఇబ్బంది ఏమిటో లీగ్ ఎన్నడూ ఒప్పించేలా చెప్పలేదు. 5 వేసుకున్నా 25 వేసుకున్నా అతను పాస్ అందుకోవచ్చు కదా! అందుకే ఈ గిరులు ఒక్కొక్కటీ చెరిగిపోయాయి. రిసీవర్లకి 10లు 2004లో, లైన్‌బ్యాకర్లకి 40లు 2015లో, మిగతావి 2021లో. 2023లో 0 కూడా తిరిగొచ్చింది. 2021లో వెంటనే మారాలనుకున్న వాళ్లు పాత నంబరుతో అమ్ముడుపోని జెర్సీలన్నీ కొనాలన్న షరతు ఉండేది. డాల్విన్ కుక్‌కి అది దాదాపు 15 లక్షల డాలర్లని వార్తలొచ్చాయి. ఆయన ఆగి, మరుసటి ఏడాది 33 నుంచి 4కి మారాడు.

ఇన్ని సడలింపుల్లోనూ ఆ మధ్య ఐదుగురికి మాత్రం 50 నుంచి 79 అలాగే ఉంది. ఆ నంబరున్నవాడు వరస కొసనో గీత వెనకో నిలబడి పాస్ అందుకోవాలంటే ముందు రిఫరీ దగ్గరికెళ్లి చెప్పాలి, రిఫరీ దాన్ని ఎదుటి జట్టుకి తెలపాలి. 50 నంబరు మైక్ వ్రేబెల్ రెండు సూపర్ బౌల్స్‌లో, అంటే లీగ్ ఫైనల్స్‌లో, స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు పట్టింది ఇలాగే. అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది.

2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ దీన్ని తిరగేసింది. బాల్టిమోర్ రేవెన్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌లో 14 పాయింట్లు వెనకబడ్డప్పుడు, 34 నంబరు రన్నింగ్ బ్యాక్ షేన్ వెరీన్ తను ఈసారి పాస్ అందుకోనని రిఫరీకి చెప్పి, రిసీవర్‌లా దూరంగా నిలబడ్డాడు. ఎడమ టాకిల్ ఉండాల్సిన చోట, ఈసారి వరస కొస అయిన చోట, పాస్ అందుకోగల టైట్ ఎండ్ మైఖేల్ హుమనవనూయి 47తో దిగాడు. డిఫెన్స్ వెరీన్‌ని కాస్తుంటే పాస్ 47కి అందింది. రేవెన్స్ కోచ్ జాన్ హార్బా మైదానంలోకి దూసుకొచ్చి పెనాల్టీ తెచ్చుకున్నాడు. పేట్రియట్స్ 35–31తో గెలిచింది. ఎత్తు అప్పటి నిబంధనల ప్రకారం సరైనదే. రెండు నెలలకే లీగ్ ఆ దారి మూసేసింది: అలా పాస్ అందుకోనని చెప్పినవాడు టాకిల్స్ మధ్యే నిలబడాలి.

2023 డిసెంబర్ 30 నాటిది ఇంకా బాధాకరం. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్, డెట్రాయిట్ లయన్స్ మ్యాచ్. 23 సెకన్లు మిగిలుండగా లయన్స్ టచ్‌డౌన్ చేసి 19–20కి వచ్చింది, టచ్‌డౌన్ తర్వాత దక్కే అదనపు అవకాశంలో గెలుపు కోసం రెండు పాయింట్ల ప్రయత్నానికి దిగింది. ముగ్గురు లైన్‌మెన్ రిఫరీ వైపు నడిచారు. 68 నంబరు టేలర్ డెకర్ తన పేరు చెప్పానన్నాడు. రిఫరీ ప్రకటించింది మాత్రం 70 నంబరు డాన్ స్కిపర్‌ని. డెకర్ పాస్ పట్టాడు, సంబరాల్లో ఉండగానే నిబంధన తప్పారని జెండా పడింది. ఆ తర్వాత రెండు ప్రయత్నాలూ ఫలించలేదు, మ్యాచ్ పోయింది.

ముగ్గురు ఒకేసారి వెళ్లి ప్రత్యర్థిని తికమక పెట్టాలనుకున్న లయన్స్ ఎత్తుగడలో రిఫరీ కూడా చిక్కుకున్నాడని నా అభిప్రాయం. ఒక సీజన్ గతిని మార్చగల నిర్ణయం హోరులో నోటిమాట మీద, సైగల మీద ఆధారపడటం న్యాయం కాదు. కాలేజీ ఆటలో సాధారణ ప్లేలకి ఈ బెడదే లేదు. అక్కడ గీత మీద కనీసం ఐదుగురు 50–79 నంబర్లతో ఉండాలి, వాళ్లు పాస్ పట్టకూడదు, రిఫరీకి చెప్పి మారే వెసులుబాటే లేదు. లైన్‌మన్‌కి ఆ సరదా కావాలంటే వేరే జెర్సీ వేసుకుని రావాల్సిందే. ఎన్‌ఎఫ్‌ఎల్ సడలించిన వాటిలో దేన్నీ వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఈ ఒక్కటి కాలేజీల నుంచి తెచ్చుకుంటే చాలు.