చైర్మన్ గారి జపం, పది సెకన్ల ఉయ్యాల

“మా చైర్మన్ గారు జపం ముగించాకే బోర్డు మీటింగుకు వస్తారు, దానివల్ల కంపెనీకి ఒరిగేదేమైనా ఉందా?” అని ఒక పాఠకుడు అడిగారు. రాహుకాలంలో చెక్కు మీద సంతకం పెట్టని అధినేతల సంగతి నేను ఎత్తుకోను. చెక్కు చెల్లడానికి కావలసింది ఖాతాలో సొమ్ము. జపం అలా కాదు. అందులో ఊపిరి ఉంది, ఊపిరిని కొలవవచ్చు.

2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం 23 మంది చేత లాటిన్‌లో మరియమాత ప్రార్థనను, ‘ఓం మణి పద్మే ఓం’ మంత్రాన్ని పలికించి చూసింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఇంచుమించు 6 సార్లకు, అంటే శ్వాసకు 10 సెకన్లకు, దిగింది. గడియారం ఎదురుగా పెట్టుకొని, ఒక్క ఊపిరిలో ‘శుక్లాంబరధరం’ చదివి చూశాను. 32 అక్షరాలకు, పీల్చిన సమయంతో కలిపి, దాదాపు అంతే పట్టింది.

ఈ 10 ఎక్కడిది? మెడలోని కెరోటిడ్ ధమని గోడలోనూ, బృహద్ధమని వంపులోనూ రక్తపీడనాన్ని కనిపెట్టే నాడీ అగ్రాలుంటాయి. పీడనం పెరిగి గోడ సాగితే కబురు మెదడు కాండానికి చేరుతుంది, అక్కడి నుంచి వేగస్ నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది. గుండె వెంటనే మాట వింటుంది గాని రక్తనాళాలు బిగియడానికీ, వదులవడానికీ కొన్ని సెకన్లు తీసుకుంటాయి. ఆ ఆలస్యం వల్ల పీడనం సుమారు 10 సెకన్లకొకసారి అట్లతద్ది ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. (నిజం ఉయ్యాల అంత నిదానంగా ఊగాలంటే తాడు 25 మీటర్లుండాలి, అంత ఎత్తున చింతకొమ్మ దొరకదు.) పీల్చినప్పుడు గుండె వేగం కాస్త హెచ్చి, వదిలినప్పుడు తగ్గుతుంది కనుక ప్రతి శ్వాసా ఆ ఉయ్యాలకు ఒక తోపు. నిమిషానికి 15 సార్లు పీల్చేవారి తోపుల్లో ఒకటి సాయమైతే మరొకటి అడ్డం పడుతుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ తోస్తే చిన్నపిల్ల చెయ్యి చాలు: గుండె వేగంలోని హెచ్చుతగ్గులు పెద్దవై, పీడనాన్ని సరిదిద్దే ప్రతిక్రియ పదునెక్కుతుంది. బెర్నార్డి పరికరాల్లో కనిపించింది ఇదే.

ఊపిరి మీద మనసు నిలిపితే వ్యాపారపు లెక్క కుదురుతుందా అన్నది మరో ప్రయోగం. 2014లో ఆండ్రూ హాఫెన్‌బ్రాక్ బృందం ప్రయోగాల్లో, 15 నిమిషాలు శ్వాస మీద మనసు నిలిపినవారు మునిగిన పెట్టుబడి వెంట మళ్లీ డబ్బు పోయడానికి తక్కువగా మొగ్గారు. నష్టాల్లో ఉన్న రెండో మిల్లును చూపి “నాలుగు కోట్లు పెట్టాక ఎలా మూస్తాం?” అనే యజమాని పడే గోతి అదే. పోయిన నాలుగు కోట్లు మిల్లు నడిపినా రావు, మూసినా రావు. గతం మీది ధ్యాస, దాని తాలూకు చేదు తగ్గడం వల్లే ఆ ముక్క కంటికి ఆనుతుందని వారి వివరణ.

అయితే అదే హాఫెన్‌బ్రాక్, కాథ్లీన్ వోస్‌తో కలిసి 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, ధ్యానం చేసినవారికి ముందున్న పని మీద ఉత్సాహం తగ్గింది, పని నాణ్యత మాత్రం మారలేదు. మిల్లు మూయాలా వద్దా అని తేల్చవలసిన చైర్మన్‌కు చాప వేయడం సబబే గాని, పదింటికల్లా లారీ లోడు పంపవలసిన గుమాస్తాను కూడా తొమ్మిదిన్నరకు ఆయన పక్కనే కూర్చోబెట్టడం నాకు సబబుగా తోచదు.