తీగలపై ఎగిరే ఖడ్గవీరులు: ఒక పాత తగవు వెనుక చరిత్ర

వెదురు కొమ్మల కొసన నిలబడి ఇద్దరు కత్తులు దూసుకునే దృశ్యానికి ఊపిరి బిగబట్టి చూసిన ప్రేక్షకులు ఎందరో, తాళ్లు కట్టి ఎగరేసిన పోరాటాన్ని యుద్ధకళగా అంగీకరించలేమన్నవారూ అందరే. 2000లో ఆంగ్ లీ దర్శకత్వంలో వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్’ ఈ రెండు అభిప్రాయాలనూ ప్రపంచమంతటా ఒకేసారి ముందుకు తెచ్చింది. అమెరికాలో సుమారు 12 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసి, నాలుగు ఆస్కార్లు గెలుచుకున్న ఆ చిత్రానికి చైనీస్ ప్రేక్షకులలో అంతటి ఆదరణ దక్కలేదు. అయితే ఈ తగవు ఆ సినిమాతో పుట్టలేదు. చైనా సినిమా మూకీగా ఉన్న రోజులనుంచీ అది నడుస్తూనే ఉంది.

చైనాలో ‘వూషియా’ అనే సంచార ఖడ్గవీరుల కథలకు సుదీర్ఘమైన సాహిత్య పరంపర ఉంది. ఏళ్ల తరబడి సాధన చేసి శ్వాసను వశపరచుకున్న యోధుడు తన శరీరాన్ని తేలిక చేసుకుని, ఇళ్ల కప్పులమీదా నీటిమీదా అడుగులు వేస్తూ సాగిపోగలడని ఆ కథలు చెబుతాయి. 1928లో షాంఘైలో మొదలై 1931 వరకు భాగాలు భాగాలుగా విడుదలైన ‘ఎర్రకమలాల ఆలయ దహనం’ అనే మూకీ చిత్రమాల ఈ ఊహను, నటులను గాల్లోకి లాగే ఉక్కు తీగల సాయంతో, తెరమీదికి తెచ్చింది. జనం విరగబడి చూశారు. మూఢనమ్మకాలను పెంచుతున్నాయన్న కారణంతో 1931లో అప్పటి జాతీయవాద ప్రభుత్వం ఆ తరహా చిత్రాలను నిషేధించింది.

ఆ తర్వాత హాంకాంగ్‌లో ఎదురుగాలి వీచింది. 1949లో క్వాన్ తక్-హింగ్ నటించిన, వాంగ్ ఫే-హుంగ్ అనే కుంగ్‌ఫూ గురువు కథల చిత్రాలు గాలిలో ఎగరడాన్ని పక్కనపెట్టి, దక్షిణ చైనా కుంగ్‌ఫూను నేలమీద చూపించాయి. 1960లలో దర్శకుడు కింగ్ హు మధ్యేమార్గం తొక్కాడు. చైనా సంప్రదాయ నాటకమైన పెకింగ్ ఒపెరా విన్యాసాలలో ఆరితేరిన హాన్ యింగ్‌జీ వంటివారి సాయంతో, ట్రాంపొలిన్‌లమీద (గెంతితే పైకి ఎగరేసే సాగే పట్టాలమీద) ఎగిరిన శరీరాలను అతి చురుకైన ఎడిటింగ్‌తో కలిపి, గెంతును క్షణంపాటు మెరిసే మెరుపుగా మలిచాడు. ఆయన ‘ఎ టచ్ ఆఫ్ జెన్’ 1975లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో సాంకేతిక పురస్కారం అందుకుంది. అంతకుముందే, 1971 నుంచి, బ్రూస్ లీ ప్రభంజనం మొదలైంది. ఒక మనిషి నిజంగా ఎంత వేగంగా కొట్టగలడన్నదే ఆయన ఆకర్షణ కనుక, అక్కడ తీగకు చోటు లేకపోయింది.

తీగ మళ్లీ తిరిగి వచ్చింది హాంకాంగ్ దర్శకుడు త్సుయ్ హార్క్‌తో. 1983లో ఆయన హాలీవుడ్ నిపుణులను రప్పించి తీసిన ‘జూ’ అనే చిత్రం ఒక మలుపు. 1991లో జెట్ లీతో తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా’ మరో పెద్ద మలుపు. తీగలతో ఎగరేసే ఈ పని జరిగే తీరు తెలిస్తేనే దాని బలమూ బలహీనతా అర్థమవుతాయి. నటుడి దుస్తుల లోపల నడుముకూ తొడలకూ పట్టీలు బిగించి, వాటికి సన్నని ఉక్కు తీగలు తగిలించి, పైన కప్పీలగుండా లాగి, అవతలి కొసను ఒక బృందం చేతులతో పట్టుకుని, నటుడి కదలికకు సరిగ్గా లయ కలుపుతూ లాగుతుంది. కంప్యూటర్‌తో చెరిపే సౌకర్యం రాకముందు తీగలకు రంగు పూసి, పొగతోనూ వెలుతురుతోనూ మరుగుపరిచేవారు. నిచ్చెనలమీద జరిగే ఆ 1991 చిత్రపు చివరి పోరాటానికి ఎంత పేరు వచ్చినా, అప్పటికి గాయపడి ఉన్న జెట్ లీకి బదులు అందులో చాలాచోట్ల డూపులు కనిపిస్తారు.

తీగ పట్టు నడుము దగ్గర ఉంటుంది. దెబ్బకు బలం మాత్రం నేలనుంచి పాదాలగుండా పైకి వస్తుంది. లాగే బృందం ఒక్క క్షణం తొందరపడినా, నటుడు నేలను తన్నకముందే గాల్లోకి లేస్తాడు. దిగేటప్పుడు మోకాళ్లు వంగవు, దుమ్ము లేవదు, తన్నులో బరువు ఉండదు. ప్రేక్షకుడు కారణం చెప్పలేకపోయినా అతని కన్ను దీన్ని వెంటనే పట్టేస్తుంది. నా దృష్టిలో ఈ ప్రక్రియకున్న అసలు లోపం ఇదే, అవాస్తవికత కానేకాదు. ఆంగ్ లీ చిత్రంలోని మొదటి రాత్రి పోరాటం ఇందుకు మంచి ఉదాహరణ. కప్పులమీదుగా ఎగిరిపోబోయే దొంగను మిషెల్ యో పాత్ర పదే పదే కిందికి లాగుతుంది, పాదాలమీద కాలు వేసి తొక్కిపట్టి నేలకు దించుతుంది. ఒకరికి ఎగరాలన్న ఆరాటం, మరొకరికి నిలపాలన్న పట్టుదల. ఇద్దరి స్వభావాలూ బరువు, తేలికల మధ్య పెనుగులాటగా మారడం వల్లనే ఆ దృశ్యం పండింది. ఆ చిత్రీకరణ మొదట్లోనే మిషెల్ యో మోకాలికి తీవ్రమైన గాయమై శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చిందన్నది, తెరమీద తేలికగా కనిపించేదానికి దేహం ఎంత మూల్యం చెల్లిస్తుందో తెలుపుతుంది.

ఆ సినిమాకూ, 1999 నాటి ‘ది మేట్రిక్స్’కూ పోరాటాలు కూర్చినది ఒక్కరే, యువెన్ వూ-పింగ్. ‘మేట్రిక్స్’ నటులకు ఆయన నెలల తరబడి శిక్షణ ఇప్పించాడు. తర్వాత అనుకరించిన చాలామంది తీగను తీసుకున్నారు గాని ఆ శిక్షణను తీసుకోలేదు. ఆ అనుకరణలపై విసుగు 2003లో థాయ్‌లాండ్‌నుంచి వ్యక్తమైంది: తీగలు లేవు, గ్రాఫిక్స్ లేవు అన్న ప్రచారంతోనే టోనీ జా నటించిన ‘ఓంగ్-బాక్’ ప్రపంచాన్ని చుట్టివచ్చింది.

తెలుగువారికి తాడుమీద ఎగిరే దేహం కొత్తది కాదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం ఇలాంటి రంగస్థల మాయలకే పేరుపొందింది. మన సినిమాలో రోప్ షాట్లు విరివిగా పెరిగినప్పుడు మాత్రం ఒక ముఖ్యమైన తేడా వచ్చింది, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది. వూషియాలో తీగ యోధుడి సాధనకు గుర్తుగా అతన్నే పైకి లేపుతుంది. మన చిత్రాలలో అది ఎక్కువగా హీరో చేతి దెబ్బ తిన్న ఫైటర్‌ను వెనక్కి విసురుతుంది. హీరో నైపుణ్యాన్ని చూడవలసిన కన్ను ఎదుటివాడి పతనాన్ని మాత్రమే చూస్తుంది, నేలకు కొట్టుకునే ఆ వీపు ఎవరిదో టైటిల్స్‌లో కూడా సరిగా కనబడదు. అలాంటి పనికి గుర్తింపుగా, 2027లో విడుదలయ్యే చిత్రాలనుంచి స్టంట్ డిజైన్‌కు ప్రత్యేకంగా ఆస్కార్ ఇస్తామని ఆ పురస్కారాలిచ్చే అమెరికా అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది.