రంగు గడిలో ఉందా, షరతులో ఉందా?

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు పంపిన పీడీఎఫ్ చూశాను. అంకెలు వరసగా ఉన్నాయి, గీతలు ఉన్నాయి, శీర్షికలు ఉన్నాయి. మీరు చెప్పిన పసుపు గడులు, ఎర్ర గడులు మాత్రం ఒక్కటీ లేవు. "స్ప్రెడ్‌షీట్‌లో కనిపిస్తున్నాయి, పీడీఎఫ్ చేయగానే పోతున్నాయి, ఇప్పటికి నాలుగుసార్లు చేశాం" అని రాశారు. అయిదోసారి చేయకండి. కాసేపు ఆగి, ఆ రంగు అసలు ఎక్కడ ఉందో వెతకండి. కంటికి గడిలోనే కనిపిస్తుంది కానీ, చాలాసార్లు అది గడిలో ఉండదు.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. ఒక గ్రంథాలయంలో పాత పుస్తకాల జాబితా తయారుచేసే పని కొంతకాలం చేశాను. బైండింగుకు పంపాల్సిన పుస్తకాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, అంచులు కోయకూడనివాటికి గులాబీ రంగు వేశాను. ఆ పుస్తకాల అంచుల్లో పాత పాఠకులెవరో చేత్తో రాసుకున్న వ్యాఖ్యలున్నాయి. జాబితాను పీడీఎఫ్ చేసి, తెరిచి చూడకుండానే పంపాను. అందులో గులాబీ రంగు రాలేదు. బైండింగు చేసినవారు చేతికి వచ్చిన కాగితం ప్రకారం అన్ని పుస్తకాల అంచులూ సమంగా కోశారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ వ్యాఖ్యలు మాత్రం ఇక ఎవరూ చదవలేరు. అంతకుముందు ఎవరో సిరా ఆదా చేయడానికి అదే ఫైలును నలుపు తెలుపుల్లో ప్రింటు తీశారని, ఆ ఎంపిక ఫైలులోనే ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

అందుకే నేను ఇప్పటికీ మొదట చూసేది అదే. ఎక్సెల్‌లో పేజ్ లేఅవుట్‌కు వెళ్ళి పేజ్ సెటప్ పెట్టె తెరవండి. అందులో షీట్ అనే భాగంలో 'బ్లాక్ అండ్ వైట్' అనే చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు ఉంటే ప్రింటులో, పీడీఎఫ్‌లో గడుల రంగులు వేయదు, అక్షరాలను నల్లగా మారుస్తుంది. తెర మీద మాత్రం రంగులన్నీ ఎప్పటిలాగే ఉంటాయి కాబట్టి అనుమానం రాదు. ఈ టిక్కు కంప్యూటర్‌లో కాదు, ఫైలులో దాగి ఉంటుంది. ఫైలును ఇంకొకరికి పంపితే దానితోపాటే వెళుతుంది. పైగా ఒక్కో షీటుకు విడివిడిగా ఉంటుంది. మొదటి షీటులో రంగులు వచ్చి మూడో షీటులో రాకపోతే ముందుగా దీన్నే అనుమానించండి. దాని పక్కనే ఉండే 'డ్రాఫ్ట్ క్వాలిటీ' టిక్కు కూడా తీసేయండి.

ప్రింట్ ప్రివ్యూ చూడటం అలవాటు చేసుకోండి. అక్కడే రంగు లేకపోతే లోపం పీడీఎఫ్ తయారయ్యే దశకు ముందే ఉంది. అక్కడ ఉండి పీడీఎఫ్‌లో లేకపోతే దారిలో ఎక్కడో పోయింది.

దారి అన్నాను కదా, పీడీఎఫ్‌కు దారులు రెండు. ఒకటి, ప్రోగ్రామ్ తానే పీడీఎఫ్‌గా భద్రపరచడం. రెండోది, ప్రింటర్ల జాబితాలో కనిపించే పీడీఎఫ్ ప్రింటరుకు పంపడం. రెండో దారిలో ఆ ప్రింటరు సెట్టింగులు కూడా మధ్యలో దూరతాయి. అక్కడ రంగు బదులు గ్రేస్కేల్, అంటే బూడిద ఛాయలు మాత్రమే, ఎంచుకుని ఉంటే లేత పసుపు దాదాపు తెల్లగా మారిపోతుంది. పసుపు చాలా వెలుగున్న రంగు. బూడిద రంగులోకి మారిస్తే దానికి మిగిలేది అతి సన్నని ఛాయ. ముదురు నీలం అయితే ఏదో ఒక బూడిద రంగుగానైనా నిలుస్తుంది. ఎక్సెల్ లాంటి పనే చేసే ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్‌లో కూడా ప్రింటు ఎంపికల్లో రంగులను గ్రేస్కేల్‌గా మార్చే టిక్కు ఒకటుంది. ఇక బ్రౌజరులో తెరిచిన పట్టికను అక్కడినుంచే ప్రింటు చేస్తుంటే, క్రోమ్‌లో 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' అనే ఎంపికకు టిక్కు పెట్టాలి. సిరా వృథా కాకూడదని బ్రౌజర్లు నేపథ్య రంగులను వాటంతట అవే వదిలేస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రంగు రాలేదా? అయితే ఒక చిన్న పరీక్ష చేయండి. కొత్త ఫైలు తెరిచి, ఒకే ఒక గడికి ముదురు ఆకుపచ్చ రంగు వేసి పీడీఎఫ్ చేయండి. అది వస్తే మీ ప్రోగ్రామ్, మీ దారి, మీ పీడీఎఫ్ చూపే సాధనం బాగానే ఉన్నట్టు. లోపం మీ పాత ఫైలులో, లేదా అందులో రంగు వేసిన తీరులో ఉంది. రాకపోతే ఫైలును వదిలేసి సెట్టింగుల వైపు తిరగండి. ఒక్క నిమిషంలో సగం దారులు మూసేసే పరీక్ష ఇది. దీన్ని దాటవేసి గంటలు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పీడీఎఫ్‌లో రంగు పోయిన గడిని స్ప్రెడ్‌షీట్‌లో ఎంచుకుని, ఫిల్ కలర్‌లో 'నో ఫిల్' నొక్కండి. రంగు పోయిందంటే అది నిజంగా గడికి వేసిన రంగే. పోలేదంటే అది మరోచోటినుంచి వస్తోంది. చూశాక కంట్రోల్, జెడ్ కలిపి నొక్కి మార్పును వెనక్కి తీసుకోండి, మరిచిపోవద్దు.

ఆ మరోచోటు ఎక్కువగా కండిషనల్ ఫార్మాటింగ్ అవుతుంది. మార్కులు 35 కన్నా తక్కువైతే ఎరుపు, గడువు దాటితే నారింజ, ఇలా షరతు పెట్టి వేసే రంగు. అక్కడ గడిలో రంగు ఉండదు, షరతు మాత్రమే ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైలు తెరిచినప్పుడల్లా షరతును లెక్కకట్టి, నిజమని తేలితే అప్పటికప్పుడు రంగు చూపిస్తుంది. పీడీఎఫ్ చేసే సాధనానికి ఆ షరతు అర్థం కాకపోతే గడి తెల్లగా మిగులుతుంది. ఎక్సెల్‌లో చేసిన ఫైలును ఏదో ఉచిత మార్పిడి సాధనానికి ఇచ్చినప్పుడు చాలాసార్లు జరిగేది ఇదే. ఏ ప్రోగ్రామ్‌లో చేశారో ఆ ప్రోగ్రామ్‌లోనే పీడీఎఫ్ చేయండి. అన్నిటికన్నా నమ్మకమైన మందు అదే.

షరతు అర్థమైనా రంగు రాకపోవడానికి ఇంకో కారణముంది. షరతు ఒక సూత్రం (ఫార్ములా) ఫలితం మీద ఆధారపడిందనుకోండి. ఫైలును మీరు పైథాన్ లాంటి భాషలో రాసిన ప్రోగ్రామ్‌తో తయారుచేస్తే, గడుల్లో సూత్రాలు ఉంటాయి కానీ వాటి జవాబులు ఉండకపోవచ్చు. ఎక్సెల్ తెరవగానే లెక్కకట్టుకుంటుంది. లెక్కకట్టని సాధనానికి ఆ గడి ఖాళీ. ఖాళీ గడికి షరతు నిజం కాకపోవచ్చు, అప్పుడు రంగు రాదు. అలాగే షరతులో 'ఈ రోజు' అనే తేదీ ఉంటే, నిన్న ఎరుపు కాని గడి ఇవాళ ఎరుపవుతుంది. అక్కడ పీడీఎఫ్ ఏ రోజు చేశారో చూడాలి.

రెండో చోటు పట్టిక శైలి. 'ఫార్మాట్ యాజ్ టేబుల్' నొక్కగానే ఒక వరస రంగుతో, ఒక వరస తెల్లగా వచ్చే అందమైన చారలు చూశారు కదా. అవి కూడా గడుల్లో ఉండవు, పట్టికకు పెట్టిన పేరున్న శైలిలో ఉంటాయి. ఆ శైలి తెలియని సాధనం చారలన్నిటినీ వదిలేస్తుంది. దీనికి ఎక్సెల్‌లోనే మంచి ఉపాయముంది. ఫైలుకు ఒక నకలు తీసి, అందులో పట్టికను 'కన్వర్ట్ టు రేంజ్' చేయండి. చారల రంగు గడుల్లోకి దిగి నిలిచిపోతుంది. తర్వాత ఎవరు పీడీఎఫ్ చేసినా వస్తుంది.

మూడోది, షీటు వెనుక పెట్టే నేపథ్య చిత్రం. ఎక్సెల్ దాన్ని తెర మీద మాత్రమే చూపిస్తుంది, ప్రింటులోకి ఎప్పుడూ పంపదు. దానికోసం వెతికి సమయం పోగొట్టుకోకండి.

మీలో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవాళ్ళకు ఇంకొంచెం లోతుగా చెప్పాలని ఉంది. ఎక్సెల్ భద్రపరిచే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి. లోపల స్టైల్స్ అనే ఫైలులో రంగులన్నీ ఒక జాబితాగా ఉంటాయి. గడి తనలో రంగును దాచుకోదు. ఫలానా సంఖ్య గల శైలి నాది అని మాత్రమే చెబుతుంది. ఆ శైలి రంగుల జాబితాలోకి వేలు చూపిస్తుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా రంగు పోతుంది. గడికి నిండు రంగు వేయాలంటే నింపే రకం 'సాలిడ్' అని రాసి తీరాలి. పైథాన్‌తో ఎక్సెల్ ఫైళ్ళు రాయడానికి ఓపెన్‌పైఎక్సెల్ అనే సాధనం వాడేవాళ్ళు రంగు ఇచ్చి, ఫిల్ టైప్ ఇవ్వడం మరిచిపోతారు. అప్పుడు రంగు పేరు ఫైలులో ఉంటుంది, గడికి మాత్రం పడదు. మరో చిక్కు ఇంతకన్నా వింతైనది. మామూలు గడికి నిండు రంగును ముందురంగు (ఫోర్‌గ్రౌండ్) స్థానంలో రాయాలి. షరతు రంగుకు మాత్రం అదే నిండు రంగును వెనుకరంగు (బ్యాక్‌గ్రౌండ్) స్థానంలో రాయాలి. పేర్లు చూసి ఎవరైనా తికమక పడతారు. అది మీ తెలివితక్కువ కాదు, ఆ పద్ధతే అలా ఉంది. గడులను నింపే రంగుల జాబితాలోని మొదటి రెండు స్థానాలు కూడా ఎక్సెల్ తన కోసం ఉంచుకుంది. మీ రంగును అక్కడ రాస్తే పట్టించుకోదు.

పీడీఎఫ్ సంగతి వేరు. 1993లో అడోబి తెచ్చి, 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా మారిన ఈ పద్ధతికి గడి అంటే ఏమిటో తెలియదు. ఇక్కడ ఒక దీర్ఘచతురస్రం గీయి, దాన్ని ఈ రంగుతో నింపు, దాని మీద ఈ అక్షరాలు పెట్టు, అంతే. గోడకు ముందు రంగు పూసి తర్వాత పేరు రాసినట్టు. మార్పిడి సాధనం ఆ మొదటి పూత వేయకపోతే, పీడీఎఫ్‌లో ఎంత వెతికినా అక్కడ రంగు దొరకదు. మళ్ళీ స్ప్రెడ్‌షీట్‌కే వెళ్ళాలి.

ఒక్క మినహాయింపు ఉంది. పూత ఉన్నా చూసేవారి సాధనం దాచవచ్చు. కంటికి శ్రమ తగ్గడానికి అడోబి రీడర్‌లో పత్రం రంగులను మార్చే ఎంపిక ఒకటుంది. అది పెట్టుకున్నవారికి మీ పసుపు, ఎరుపు కనిపించకపోవచ్చు. కాబట్టి "రంగు లేదు" అని ఎవరైనా అంటే, అదే పీడీఎఫ్‌ను ఇంకో సాధనంలో తెరవమనండి.

ఆ గ్రంథాలయం జాబితా తర్వాత నేను ఒక మార్పు చేసుకున్నాను. ముఖ్యమైన సంగతి ఏదైనా ఉంటే రంగుతోపాటు పక్క నిలువు వరసలో మాటగా కూడా రాస్తాను. 'అంచులు కోయరాదు' అని. రంగులను వేరు చేసి చూడలేని కళ్ళకు కూడా అది అందుతుంది. మీ పట్టికలో ఎర్ర గడులకు అర్థం ఏమిటో ఎక్కడా రాయలేదు. ముందు ఆ వరస చేర్చండి.

తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఫైలు ఏ ప్రోగ్రామ్‌లో చేశారు, పీడీఎఫ్ ఏ దారిన చేశారు, ప్రివ్యూలో రంగు కనిపించిందా, 'నో ఫిల్' నొక్కితే ఏమైంది? ఈ నాలుగూ రాయండి, పీడీఎఫ్‌తోపాటు అసలు స్ప్రెడ్‌షీట్‌ను కూడా పంపండి. ఈసారి విప్పి చూస్తాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ