కూనేరు దాటని పిస్టల్

మా చిన్నాన్న కుడి చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, ఆ మెత్తటి చోట, రెండు సన్నటి గాట్లు పక్కపక్కనే ఉంటాయి. కొడవలి తెగిందేమో అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఆయన ఒడిశా పోలీసు ఆయుధాగారంలో, వాళ్ల మాటల్లో చెప్పాలంటే 'కోత్'లో, చాన్నాళ్లు పనిచేసి రాయగడలో రిటైరయ్యాడు. ఓ దసరా నాడు ఆయుధ పూజ నుంచి వచ్చి, వేళ్ల సందున ఇంకా కుంకుమ అంటుకుని ఉండగా, ఆ గాట్లు చూపించి, "పిస్టల్ కరిసింది రా బాబూ" అన్నాడు.

నిజంగానే కరుస్తుంది. తూటా పేలగానే పైనుండే ఉక్కు తొడుగు, అంటే స్లయిడ్, వెనక్కి దూసుకొచ్చి తూటాని పేల్చే చిన్న సుత్తిని, అంటే హ్యామర్‌ని, కిందికి తోస్తుంది. పిడిని పైకంటా పట్టుకున్న వాడి చర్మం ఆ హ్యామర్‌కీ పిడి తోకకీ మధ్య నలుగుతుంది. ఆ పిస్టల్ పేరు 9 ఎంఎం ఆటో 1ఏ. తయారీ బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ. మన పోలీసు అధికారుల నడుముకి ఎక్కువగా కనిపించేది అదే. పుట్టుక మాత్రం బెల్జియంలో. అమెరికా వాడైన జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి, 1926లో లియేజ్ నగరంలో పని బల్ల దగ్గరే కన్నుమూస్తే, డ్యూడొనే సేవ్ అనే ఆయన పూర్తి చేశాడు. 1935లో బ్రౌనింగ్ హై పవర్‌గా బయటికొచ్చింది. ఆ రోజుల్లో మ్యాగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, 13 తూటాలంటే మామూలు మాట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ దీన్ని తయారుచేసింది, మన 1ఏ ఆ పోలికే. కరిచినా సరే దీన్ని వదలనంటారు వాడిన వాళ్లు. కారణం పిడి. రెండు వరుసల తూటాలు కడుపులో పెట్టుకుని కూడా అరచేతిలో అంత ఒద్దికగా కూర్చునే పిస్టల్ అంతకుముందు లేదు.

ఒడిశా సరిహద్దు ఊళ్లు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలో తుపాకి లైసెన్సున్న తెలుగు ఇళ్లు కొన్ని ఉన్నాయి. వ్యాపారులు, కాంట్రాక్టర్లు, పాత జమీందారీ బంధువులు. ఈ ఇళ్లలో పెళ్లి భోజనాలయ్యాక విదేశీ పిస్టళ్లలో గ్లాక్ గొప్పదా బెరెట్టా గొప్పదా అన్న వాదన మొదలైతే తెల్లారుతుంది. తమాషా ఏమిటంటే వాదించే వాడి బీరువాలో ఉండేది అదీ కాదు, ఇదీ కాదు. ఓ థర్టీటూ (.32) బోరు రివాల్వర్, మహా అయితే అదే బోరు పిస్టల్. బోరంటే గొట్టం లోపలి వెడల్పు, ఈ అంకె అంగుళాల లెక్క.

ముందు వాదన సంగతి చూద్దాం. ఆ పెద్ద సైజు పిస్టళ్లన్నీ సైన్యాల టెండర్లలోంచి పుట్టినవే. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న కోల్ట్ పిస్టల్‌ది .45 బోరు. ఫిలిప్పీన్స్ పోరాటాల్లో .38 రివాల్వర్ దెబ్బకి ఎదుటివాడు పడలేదన్న ఫిర్యాదులోంచి వచ్చిన బోరు అది. ఏడే తూటాలు, కిలోకి పైగా బరువు. అయినా దాని ట్రిగ్గర్ వెనక్కి తిన్నగా, పొట్టిగా జరిగే తీరు కోసం ఇవాళ్టికీ ప్రాణం పెట్టే వాళ్లున్నారు. 1985లో దాని స్థానంలోకి ఇటలీ బెరెట్టా 92 వచ్చింది. పైభాగం తెరిచి ఉండే స్లయిడ్, 15 తూటాలు. బరువు ఎక్కువ కాబట్టి చేతికి కుదుపు తక్కువ. అదే పోటీలో పరీక్షలు నెగ్గి ధర దగ్గర వెనకబడ్డది సిగ్ పి226. హ్యామర్‌ని మెల్లగా దించే మీట దాని పక్కనే ఉంటుంది. అది అలవాటైన వాళ్లకి ఇంకేదీ నచ్చదు.

చెకోస్లొవాకియా సీజెడ్ 75ది వేరే కథ. దాని స్లయిడ్ ఫ్రేము (పిడి ఉండే కింది చట్రం) లోపలి గాడుల్లో నడుస్తుంది కాబట్టి ఎత్తు తక్కువ, చేతిలో కదలదు. కమ్యూనిస్టు ప్రభుత్వం పేటెంట్లను రహస్యంగా దాచడంతో విదేశాల్లో వాటికి రక్షణ లేకపోయింది. ఇటలీ నుంచి ఎన్నో దేశాలు హాయిగా నకలు చేసుకున్నాయి.

ఇక గ్లాక్. కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు చేసే గాస్టన్ గ్లాక్ అంతకుముందు తుపాకి చేసిన వాడు కాదు. 1982లో ఆస్ట్రియా సైన్యం కోసం ప్లాస్టిక్ ఫ్రేముతో పిస్టల్ పట్టుకొచ్చాడు. 17 తూటాలు, ఖాళీగా 630 గ్రాములు. బయట హ్యామరే లేదు, ఇక కరిచేదేముంది! విడి సేఫ్టీ మీట లేదు, భాగాలు తక్కువ. అందంగా ఉందని దాని సొంతదారు కూడా అనడు. ఎప్పుడు నొక్కినా ఒకేలా పేలుతుంది, అంతే చాలంటాడు.

ఇన్నింటిలో ఒక్కటీ మన బీరువాలోకి ఎందుకు రాలేదన్నదానికి జవాబు 1878లో మొదలవుతుంది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా దేశభాషల పత్రికల నోరు కట్టిన ఏడాదే ఆయుధాల చట్టమూ వచ్చింది. భారతీయుడికి లైసెన్సు, తెల్లవాడికి మినహాయింపు. మరుసటి ఏడే గోదావరి మన్యంలో రంప పితూరీ లేచింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లలో తీసుకెళ్లింది తుపాకులే. ఇవాళ్టి కోరాపుట్, రాయగడ కూడా అప్పట్లో విశాఖ ఏజెన్సీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డాకే సరిహద్దు గీత పడింది.

సర్కారు తూటా పక్కదారి పట్టి జనం తుపాకిలోకి వెళ్తుందన్నది పాలకుల పాత భయం. దానికి మందుగా 1907లో .450 బోరును ఇండియాలో నిషేధించారు. పులివేట దొరలు గొల్లుమన్నారు. ఇంగ్లండు తుపాకుల కంపెనీలు .470 లాంటి కొత్త బోర్లు పుట్టించాల్సి వచ్చింది. స్వతంత్రం వచ్చాక 1959 చట్టం, 1962 నియమాలు తెల్లవాడి మినహాయింపు తీసేశాయి గానీ ఆ బోరు ఆలోచనని అలాగే ఉంచేశాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం నిషిద్ధ బోరు. పౌరుడికి ఎక్కువగా మిగిలింది .32. ఆ పిస్టల్ తూటా 1899 నాటి బ్రౌనింగ్ సరుకే. గుండు బరువు 4.6 గ్రాములు, 9 ఎంఎం గుండు దాదాపు 8.

1980ల మధ్యలో దిగుమతీ ఆగింది. దాంతో ఇంగ్లండు పాత వెబ్లీ రివాల్వర్ ఏదైనా అమ్మకానికి వస్తే లక్షలు పలకసాగింది. పనితనం కంటే కొరతకి కట్టిన ధర అని నా అభిప్రాయం, పెళ్లిళ్లలో ఈ మాట అని తిట్లు తిన్నాను కూడా. లేదంటే చాలాకాలం సర్కారు ఫ్యాక్టరీ సరుకే దిక్కయింది: కాన్పూర్ రివాల్వర్లు, అశని పిస్టల్. 2014లో ఆడవాళ్ల కోసమంటూ వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలో, ధర లక్ష దాటింది. 2019 సవరణ ఒకరికి మూడు తుపాకులన్నది రెండుకి దించి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచింది.

సరిహద్దు వాళ్లకి ఇంకో చిక్కు. లైసెన్సు పుస్తకంలో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. ఒడిశా వరకే అని ఉంటే రాయగడలో రైలెక్కి కూనేరు చేరగానే అది ఆంధ్ర, నడుముకున్నది నేరం. పార్వతీపురంలో కూతురి పెళ్లయినా బీరువాకి తాళమేసి వెళ్లాల్సిందే. ఎన్నికలొస్తే స్టేషన్‌లో జమ చేయమని నోటీసు. 2004 ఫిబ్రవరి 6న కోరాపుట్ జిల్లా ఆయుధాగారాన్ని నక్సలైట్లు కొల్లగొట్టి వందల తుపాకులు పట్టుకెళ్లిన ఊళ్లివి. ఇక్కడ లైసెన్సు దరఖాస్తు చూసే గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని రెండోసారి చదువుతాడంటే ఆశ్చర్యం లేదు.

చిన్నాన్న ఓ శిక్షణలో గ్లాక్ పేల్చి చూశాడట. ఎలా ఉంది చిన్నాన్నా అని అడిగాను.

"ఏటుంది? తిరనాళ్లలో కొన్న బొమ్మలాగుంది. ఇరవై పేల్చినా సేతికేటీ కాలేదు."

"మరి అదే బాగుందన్నమాట."

అరచెయ్యి తిప్పి ఆ గాట్లకేసి చూసుకున్నాడు. "మనది ఇదే బాబూ, కరిసినా. ఓ కొబ్బరి నూనె సుక్క ఇలా తే."